రెండో ఉత్తరం చదవని సంఘం

ప్రియమైన పాఠకులకు,

శ్రమల దినాలు మొదలయ్యాయి. ఇంటింటి ప్రార్థనలతో, శుక్రవారం ఉపవాస కూటాలతో మీరంతా తీరిక లేకుండా ఉంటారని తెలుసు. ఈ నెల మీతో వేరే సంగతి మాట్లాడాలనుకున్నాను. ఒక సహోదరి రాసిన ఉత్తరం వచ్చి దాన్ని పక్కకు నెట్టేసింది.

ఆమె తమ్ముడు సంఘంలో కంజీర వాయించేవాడట. తాగుడు పట్టుకుంది. పెద్దలు పిలిచి చెప్పారు, వినలేదు. చివరికి తాగి ఆరాధనకే వచ్చాడు. ప్రభు సంస్కారం ఇవ్వడం ఆపేశారు, పాటల జట్టులోంచి తీసేశారు. ఆమె దాన్ని తప్పు పట్టలేదు, చేయాల్సిందే చేశారంది. ఇప్పుడతను మందు ముట్టి ఏడాది దాటింది. ప్రతి ఆదివారం వస్తాడు. చెప్పులు విడిచే చోట, గుమ్మానికి ఆనుకుని కూర్చుంటాడు. దీవెన చెప్పేలోపే లేచి వెళ్లిపోతాడు. "వాణ్ణి ఎవరూ పొమ్మనలేదు అయ్యగారూ, రమ్మనీ అనలేదు. ఏం చేయాలి?" ఇదీ ఆమె ప్రశ్న.

అమ్మా, మీ సంఘం కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక చదివి, రెండోది చదవకుండా ఆగిపోయింది. మీ సంఘం ఒక్కటే అని కాదు, మన సంఘాల్లో చాలావాటిది ఇదే కథ.

మొదటి పత్రిక అయిదో అధ్యాయం మన పెద్దలకు కొట్టినపిండి. తండ్రి భార్యను ఉంచుకున్న ఒక మనిషి, అది చూస్తూ కూడా మీసాలు మెలేసుకుంటున్న సంఘం. అతణ్ణి మీ మధ్యనుంచి తీసేయండి అన్నాడు పౌలు. ఎవరిమీదైనా చర్య తీసుకోవాల్సి వస్తే కమిటీలో బైబిలు అక్కడే తెరుచుకుంటుంది. అదే పౌలు, అదే సంఘానికి, రెండో పత్రిక రెండో అధ్యాయంలో ఏం రాశాడో మాత్రం ఆ గదిలో ఎవరూ చదవరు. మీలో ఎక్కువమంది కలిసి వేసిన శిక్ష ఆ మనిషికి చాలు, ఇక క్షమించండి, ఓదార్చండి, లేకపోతే దుఃఖం అతణ్ణి మింగేస్తుంది, మీ ప్రేమ పోలేదని అతనికి రూఢి చేయండి అని బతిమాలుతున్నాడు. ఈ రెండు చోట్లా ఉన్నది ఒకే మనిషా, వేరేవాడా అని పండితుల్లో వాదం ఉంది. ఎవరైతేనేం, శిక్షకు ఒక అంతు ఉండాలన్న మాట మారదు.

అక్కడే పౌలు సాతాను తంత్రాల సంగతి ఎత్తుతాడు, అవి మనకు తెలియనివి కావంటాడు. ఎందుకెత్తాడు? మనిషిని తప్పులోకి లాగడం వాడి మొదటి తంత్రం. తప్పు ఒప్పుకున్నవాణ్ణి గుమ్మం దగ్గరే కూర్చోబెట్టి ఉంచడం రెండోది. ఆ రెండో పని మాత్రం వాడికి కష్టం లేకుండా మనమే చేసిపెడుతున్నాం.

మినిట్స్ పుస్తకాలు తిరగేసే అలవాటున్న కార్యదర్శులు ఎవరైనా ఇది చదువుతుంటే, ఒక పని చేయండి. ఫలానావారిని సంస్కారం నుంచి తప్పించాం అన్న తీర్మానాలు ఎన్ని ఉన్నాయో, ఫలానావారిని తిరిగి చేర్చుకున్నాం అన్నవి ఎన్ని ఉన్నాయో చూడండి. మొదటి రకం తేదీతో, సంతకాలతో ఉంటుంది. రెండో రకం కోసం వేళ్లతో వెతుక్కోవాలి. ఎవరూ కావాలని చేసింది కాదు. కోపం వచ్చినప్పుడు సమావేశం పెడతాం. చల్లారాక సమావేశం పెట్టాలని ఎవరికీ తోచదు.

తొలి సంఘం ఈ విషయంలో మనకంటే ఎంతో కఠినమైనది. అయినా తిరిగి వచ్చే దారి ఎంత దూరమో ముందే చెప్పేది. క్రీ.శ. 250లో రోమా చక్రవర్తి డీషియస్ ప్రజలంతా దేవతలకు బలి అర్పించాలని, అర్పించినట్టు అధికారుల దగ్గర చీటీ రాయించుకోవాలని శాసనం తెచ్చాడు. అలాంటి చీటీలు ఐగుప్తు ఇసుకలో దొరికాయి, పపైరస్ మీద రాసినవి, ఇప్పటికీ మ్యూజియాల్లో ఉన్నాయి. ప్రాణభయంతో ఎందరో క్రైస్తవులు బలి అర్పించారు. కొందరు లంచమిచ్చి చీటీ మాత్రం కొనుక్కున్నారు. హింస తగ్గగానే వాళ్లంతా ఏడుస్తూ సంఘం గుమ్మం దగ్గరికి వచ్చారు. లోపల ఉన్నవాళ్లెవరు? చెరసాలలో మగ్గి, దెబ్బలు తిని, బిడ్డల్ని పోగొట్టుకుని వచ్చినవాళ్లు. వీళ్లను చేర్చుకోండి అని వాళ్లతో చెప్పడం ఎంత కష్టమో ఆలోచించండి. రోములో నొవేషియన్ అనే పెద్ద, చేర్చుకునేదే లేదని తన సంఘం తాను పెట్టుకున్నాడు. కార్తేజ్ బిషప్ సిప్రియన్ 251లో సభ పిలిచి, ఎవరెవరు ఏం చేశారో విడివిడిగా విచారించారు. చీటీ కొన్నవాడినీ బలి అర్పించినవాడినీ ఒక గాటన కట్టలేదు. పశ్చాత్తాపానికి గడువులు పెట్టి, తలుపు మాత్రం తెరిచే ఉంచారు. మళ్లీ హింస ముంచుకొస్తుందని తెలియగానే ఆ గడువుల్ని కూడా తగ్గించేశారు. యుద్ధానికి పోయేవాణ్ణి ఆయుధం లేకుండా పంపకూడదన్నది సిప్రియన్ వాదన.

325లో నైసియా సభ జరిగింది. విశ్వాస ప్రమాణం అక్కడ పుట్టిందని అందరికీ తెలుసు, ఈమధ్యే 1700 ఏళ్ల పండుగ కూడా చేసుకున్నాం. ఆ సభ చేసిన నియమాల్లో పదకొండోది ఎవరూ తలవరు. బలవంతం ఏమీ లేకుండానే విశ్వాసం వదిలేసినవాళ్లు మూడేళ్లు వాక్యం విని వెళ్లిపోవాలి, ఏడేళ్లు మోకాళ్ల మీద ఉండాలి, రెండేళ్లు సంస్కారం లేకుండా ప్రార్థనలో పాలుపంచుకోవాలి. మొత్తం 12 ఏళ్లు. వింటేనే గుండె గుభేలుమంటుంది. అయినా పదమూడో ఏట తన చోటు తనకుంటుందని ఆ మనిషికి తెలుసు. పదమూడో నియమమైతే, చావు బతుకుల్లో ఉన్నవాడు అడిగితే సంస్కారం ఇవ్వకుండా ఉండకూడదంది. మన గుమ్మం దగ్గర కూర్చున్న కుర్రాడికి గడువెంతో తెలియదు. 12 ఏళ్లు అని చెప్పినా లెక్కపెట్టుకునేవాడేమో.

మళ్లీ ఆ గడువులు తెమ్మని నేననడం లేదు. శిక్ష వేసిన తీర్మానంలోనే ఒక వాక్యం చేర్చండి. ఫలానా నెలలో కమిటీ మళ్లీ కూర్చుని చూస్తుంది, ఈలోగా ఫలానా పెద్ద, ఆయన భార్య ఆ ఇంటికి వెళ్లి వస్తుంటారు అని. అంతే.

ఆ వెళ్లి రావడం మీద కొంచెం చెప్పాలి. మత్తయి సువార్త 18వ అధ్యాయం మనవాళ్ల నోట మెట్ల లెక్కలా వినిపిస్తుంది. ముందు ఒంటరిగా వెళ్లు, వినకపోతే ఇద్దర్ని తీసుకెళ్లు, ఆ తర్వాత సంఘానికి చెప్పు. ఆ మెట్లకు ముందు ప్రభువు చెప్పింది తప్పిపోయిన గొర్రె కథ, తొంభై తొమ్మిదింటిని వదిలి ఒక్కదానికోసం కొండలెక్కిన కాపరిది. మెట్ల తర్వాత వచ్చేది ఎన్నిసార్లు క్షమించాలన్న పేతురు ప్రశ్న, ఆ వెంటనే పదివేల తలాంతుల అప్పు మాఫీ చేయించుకుని నూరు దేనారాలకోసం తోటివాడి గొంతు పట్టుకున్న దాసుడి కథ. ముందూ వెనకా ఉన్నవి కోసేసి నడిమి భాగాన్ని చట్టపుస్తకం చేసుకున్నాం. అందులోనూ మొదటి మెట్టు, అంటే ఒంటరిగా వెళ్లడం, మన దగ్గర దాదాపు ఎవరూ ఎక్కరు.

ఎక్కకపోగా, దానికి బదులు మంచి ఏర్పాటొకటి చేసుకున్నాం. దాని పేరు ప్రార్థన మనవి. "ఫలానా సహోదరి గురించి ప్రార్థన చేయండి, ఎందుకో అడగకండి" అని ఇంటి కూటంలో ఒకరు అంటారు. కళ్లు మూసుకున్నవాళ్లంతా అప్పటికే ఊహించేసుకుంటారు. రాత్రికల్లా వాట్సాప్‌లో అది పూర్తి కథై తిరుగుతుంది. ఆ సహోదరికి మాత్రం ఎవరూ ఫోన్ చేయరు. ఇలాంటి ప్రార్థన కంటే తిట్టు నయం, తిట్టేవాడు కనీసం ఎదురుగా వచ్చి తిడతాడు.

జర్మనీలో హిట్లర్ కాలంలో, ఫింకెన్‌వాల్డె అనే చోట డీట్రిచ్ బాన్‌హోఫర్ అనే పాస్టరు కొద్దిమంది యువ పాస్టర్లకు శిక్షణ ఇచ్చేవారు. 1937లో హిట్లర్ రహస్య పోలీసు దళం గెస్టపో ఆ శిక్షణాలయాన్ని మూసేసింది. అక్కడ ఒక నియమం ఉండేది. లేనివాడి గురించి ఎవరూ మాట్లాడకూడదు. నోరు జారి మాట్లాడితే, వెళ్లి ఆ మనిషికే ఆ సంగతి చెప్పాలి. అక్కడ విన్న ప్రసంగాలు నేర్పినంత దాదాపు ఈ చిన్న నియమం కూడా తమకు నేర్పిందని అక్కడ చదివినవాళ్లు తర్వాత తలుచుకునేవారు. మన కమిటీ సమావేశాల్లో ఒక్క నెల ఈ నియమం పెట్టి చూడండి. సగం అజెండా మిగలదు.

ఇళ్లకు వెళ్లడం ఎలా అలవాటవుతుందో మెథడిస్టుల చరిత్రలో ఒక చిత్రమైన ఉదాహరణ ఉంది. 1742లో బ్రిస్టల్‌లో వాళ్ల కూటపు గది మీద అప్పు ఉండేది. పన్నెండు మందికి ఒక నాయకుడు, ఆయన వారం వారం ఇంటింటికీ వెళ్లి ఒక్కొక్కరి దగ్గర ఒక పెన్నీ వసూలు చేయాలి అని ఏర్పాటు చేసుకున్నారు. డబ్బులకోసం వెళ్లిన నాయకులకు ఇంట్లో సంగతులు కనిపించసాగాయి. ఒక ఇంట్లో మొగుడూ పెళ్లాల పోట్లాట, ఇంకో ఇంట్లో తాగుడు. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీకి వెంటనే అర్థమైంది, తాము ఎంతకాలంగానో వెతుకుతున్నది ఇదేనని. అప్పుకోసం పుట్టిన ఏర్పాటు కాపరి పనిగా మారింది. మెదక్ ప్రాంతంలో మన తాతముత్తాతల ఇళ్లకు సువార్త తెచ్చింది ఆ మెథడిస్టు వంశమే. పోస్నెట్ దొరగారు కట్టించిన, 1924లో ప్రతిష్ఠ జరిగిన మెదక్ గుడిని చూడటానికి బస్సులు వేసుకుని వెళ్తాం. గుడి కంటే ముందు వాళ్లు తెచ్చిన ఇంటింటి నడక మాత్రం సన్నగిల్లిపోయింది. ఇప్పుడు కానుక కూడా ఫోన్‌లోనే వెళ్లిపోతోంది, గడప తొక్కే ఆ వంక కూడా పోయింది.

వెళ్లాక ఏం మాట్లాడాలి? గలతీయులకు రాసిన పత్రిక ఆరో అధ్యాయం మొదట్లోనే పౌలు తేల్చేశాడు. తప్పులో పడినవాణ్ణి సాత్వికమైన మనసుతో నిలబెట్టండి, నిలబెట్టేవాడు తాను కూడా పడిపోగలనని చూసుకుంటూ ఉండాలి. విరిగిన ఎముకలకు పుత్తూరు కట్టు కట్టేవాళ్లను చూసినవాళ్లకు ఇది వివరంగా చెప్పక్కర్లేదు. విరిగిన చేతిని ఎలా విరగ్గొట్టుకున్నావురా అని కట్టేటప్పుడు ఎవరూ తిట్టరు. నొప్పి తెలుస్తుంది గానీ చెయ్యి మెత్తగానే పడుతుంది. ఇంకో సంగతి, కట్టు విప్పాక ఆ చేతిని కదపకుండా ఉంచితే కీలు బిగుసుకుపోతుంది. పని చెప్పాలి దానికి.

నేను అసలు చెప్పదలచుకున్నది ఇదే. క్షమించాం అని నోటితో అనడం దగ్గర మనం ఆగిపోతున్నాం. పేతురు సంగతి చూడండి. ప్రధాన యాజకుడి ఇంటి ముంగిట్లో బొగ్గుల మంట దగ్గర నిలబడి ముమ్మారు బొంకాడు. యోహాను సువార్త చివరి అధ్యాయంలో సముద్రపు ఒడ్డున ప్రభువు బొగ్గుల మంట మీద చేపలు కాల్చి, ముందు భోజనం పెట్టాడు. తిన్నాక అడిగాడు, నన్ను ప్రేమిస్తున్నావా అని, మూడుసార్లు. ఆ ప్రశ్న వింటున్న ఇంకో ఆరుగురు శిష్యులు అక్కడే ఉన్నారు. పేతురు అవునన్న ప్రతిసారీ ఒక పని చేతిలో పెట్టాడు, గొర్రెల్ని చూసుకో అని. పాత తప్పు గురించి ఉపన్యాసం ఒక్క మాట కూడా లేదు. సరే పోనీ అని వదిలేయనూ లేదు.

యోహాను అనే మార్కు సంగతి ఇంకా బాగుంటుంది, ఎందుకంటే అక్కడ తప్పు పట్టినవాడు పౌలే. పౌలు, బర్నబాల మొదటి సువార్త ప్రయాణంలో పంఫూలియలోని పెర్గే దగ్గర మార్కు వాళ్లను వదిలేసి యెరూషలేముకు వెళ్లిపోయాడు. ఎందుకో గ్రంథం చెప్పదు. రెండో ప్రయాణానికి మళ్లీ తీసుకెళ్దామని బర్నబా, వద్దని పౌలు. ఎంత గట్టిగా వాదించుకున్నారంటే, కలిసి సేవ మొదలుపెట్టిన ఇద్దరూ విడిపోయారు. పౌలు సీలను తీసుకుని ఒక దారి, బర్నబా మార్కును తీసుకుని ఓడెక్కి కుప్రకు ఇంకో దారి. అపొస్తలుల కార్యముల్లో ఆ తర్వాత బర్నబా కనిపించడు. కుప్రలో ఆ ఇద్దరూ ఏం చేశారో రాసినవారు లేరు. కనిపించేదల్లా ఫలితమే. కొలొస్సయులకు రాసేటప్పుడు మార్కు పౌలు పక్కనే ఉన్నాడు, అతను వస్తే చేర్చుకోండని పౌలు సంఘానికి సిఫారసు చేస్తున్నాడు. తిమోతికి రాసిన రెండో పత్రికలో, చావు దగ్గరపడిన వేళ, మార్కును తీసుకురా, పరిచర్యలో నాకు పనికొస్తాడు అని కబురు పెడుతున్నాడు. ఒకప్పుడు పనికిరాడన్న ఆ నోటితోనే. మార్కు పేరుతో ఒక సువార్త ఉందన్నది మీకు చెప్పాలా?

పౌలు చేసింది తప్పు అని కూడా నేననను. ప్రయాణం ప్రమాదంతో కూడినది, మధ్యలో వదిలేసేవాణ్ణి నమ్ముకోలేనన్నాడు. సంఘంలో పౌలులు ఉండాలి. బర్నబాలు కూడా ఉండాలి, లేకపోతే పౌలులు తమ మాట మార్చుకునే అవకాశమే రాదు. మన కమిటీల్లో పౌలులకు కొదవ లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ ఉత్తరాన్ని కొందరు జేబులో పెట్టుకుని తిరుగుతారని నాకు భయం. చిన్నపిల్లల మీద చెయ్యి వేసినవాణ్ణి, ఆడపిల్లల్ని వేధించినవాణ్ణి "ప్రేమతో నిలబెడదాం" అంటూ గుట్టుగా కాపాడటానికి ఇందులో ఒక్క అక్షరం కూడా లేదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, పాస్టరుకైనా పెద్దకైనా మినహాయింపు లేదు. అలాంటివాడు నిజంగా మారితే జైల్లో కలుసుకుని ప్రార్థన చేయండి. సండే స్కూలు తరగతి మాత్రం జన్మలో అప్పగించకండి. సహవాసంలోకి తీసుకోవడం వేరు, పదవి తిరిగి ఇవ్వడం వేరు. సంఘం డబ్బు వాడుకున్న కోశాధికారి తిరిగి కట్టి, ఒప్పుకుంటే బల్ల దగ్గర చోటివ్వండి. బీరువా తాళం ఇంకొకరి దగ్గర ఉండనివ్వండి, ఆయనకూ అదే మేలు. జక్కయ్య కూడా నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు కదా.

శిక్ష వేసే చెయ్యి అందరి మీదా ఒకేలా పడుతోందా అన్నది కూడా చూసుకోవాలి. కూలికి వెళ్లేవాడు తాగితే తీర్మానం, కాంట్రాక్టరు తాగితే "ఆయన కోసం ప్రార్థన చేద్దాం". అబ్బాయీ అమ్మాయీ కలిసి ఇల్లు విడిచి వెళ్లిపోయి పెళ్లి చేసుకుని వస్తే, అబ్బాయి ఏడాది తిరక్కుండా గిటారు పట్టుకుంటాడు, అమ్మాయి అత్తగారి ఊళ్లో వేరే సంఘం వెతుక్కుంటుంది. బంగారు ఉంగరం పెట్టుకుని వచ్చినవాడికి మంచి చోటు చూపించే సంఘాన్ని యాకోబు ఏమని కడిగేశాడో మన పెద్దలు ఒక్కసారి చదివి, ఆ తర్వాత మినిట్స్ పుస్తకం తెరవాలి.

నిలబెట్టడానికి ఖర్చు కూడా అవుతుంది. ఫిలేమోనుకు పౌలు రాసిన పత్రిక మొత్తం 25 వచనాలు. ఫిలేమోను దాసుడు ఒనేసిమును తిరిగి పంపుతూ, దాసుడిలా కాకుండా ప్రియ సహోదరుడిలా చూసుకో అంటాడు. అక్కడితో ఆగలేదు. నీకేమైనా బాకీ ఉంటే నా లెక్కలో రాసుకో, నేనే తీరుస్తాను అని సొంత చేతిరాతతో రాశాడు, అదీ చెరసాలలో కూర్చుని. తాగుడు మానిన మనిషికి ఆస్పత్రి ఖర్చులుంటాయి, వడ్డీ అప్పులుంటాయి, పని పోయి ఉంటుంది. ఆ లెక్క ఎవరో ఒకరు తమ ఖాతాలో రాసుకోవాలి. సంఘంలో మేస్త్రీ ఉంటే ఆ కుర్రాణ్ణి పనిలోకి పిలవాలి. సాయంత్రం అయిదు దాటాక పాత స్నేహితులు పిలిచే వేళకు ఎవరో ఒకరు ఆ ఇంటికి టీకి వెళ్లాలి.

ఆ సహోదరికి నేను విడిగా రాసిన జవాబులో చెప్పింది కూడా ఇంతే. మీరే కమిటీ ముందుకు వెళ్లకండి, అక్క కాబట్టి వెనకేసుకొస్తోందంటారు. పెద్దల్లో ఒక బర్నబాను పట్టుకోండి. ఆయన మీ తమ్ముడితో నెల రోజులు తిరగనివ్వండి. ఆ తర్వాత ఆయనే కమిటీలో ఎత్తాలి, తీర్మానం రాయించాలి, సంఘమంతా ఉన్నప్పుడు చదివించాలి. చాటున శిక్షించలేదు కదా, చాటున చేర్చుకోకూడదు. ఆ రోజు సాక్ష్యం చెప్పమని మాత్రం బలవంతం చేయకండి. ఎన్ని సీసాలు తాగానో, ఎవర్ని కొట్టానో చెప్పించి జనాన్ని ఏడిపించడం మనకు బాగా అలవాటైపోయింది. సంస్కారం ఇచ్చి, కంజీర చేతికిచ్చి, మొదటి పాట మొదలుపెట్టమనండి. మళ్లీ జారితే? జారవచ్చు. తాగుడు మానినవాళ్లలో చాలామంది ఒకసారైనా జారతారు. అప్పుడు ఆ బర్నబా ఇంటికి ఎన్ని గంటలకైనా ఫోన్ చేయవచ్చని అతనికి ముందే తెలిసి ఉండాలి.

మీ సంఘాల్లో తిరిగి చేర్చుకునేటప్పుడు చదివే తీర్మానం గానీ, ప్రార్థన గానీ వాడుకలో ఉంటే నాకు నకలు పంపండి. కొన్ని పాత సంఘాల్లో ఉండి తీరుతుందని నా నమ్మకం. మనుషుల పేర్లు, ఊరి పేరు కొట్టేసి పంపండి. ఈస్టరు లోపు అందితే వచ్చే నెల ఉత్తరంతో కలిపి ముద్రిస్తాను. కార్యదర్శులకు ఇబ్బంది లేకుండా, కమిటీలో వాడుకునేలా ఒకే పేజీలో కుదించి ఇస్తాను.

మీ సహోదరుడు